థర్మామీటర్ నోట్లో ఉండగా

మా గవ్వలపాడు డాక్టరు గారికి సిగ్గెక్కువ. సిగ్గున్న మనిషిని నేను తొందరగా పోల్చుకోగలను, నాకూ ఉంది కాబట్టి. కాకపోతే నా సిగ్గు వల్ల ఎవరికీ నష్టం లేదు. బళ్ళో లేచి జవాబు చెప్పకపోతే పోయేవి నా మార్కులే. డాక్టరు గారిది ప్రభుత్వ సిగ్గు. దానికి ప్రహరీ గోడ, ఇనప గేటు, పైన బోర్డు ఉన్నాయి.

భావనారాయణ గారు చెడ్డ డాక్టరు కాదు. మొలల గురించి, విరేచనాల గురించి అడిగేటప్పుడు ఆయనకి ఏ మొహమాటమూ ఉండదు. "ఏం పెద్దాయనా, నీళ్ళలాగా అవుతున్నాయా, గట్టిగానా?" అని ఆయన లోపల్నుంచి అడిగితే, ఎదురుగా బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా మాటలాపి జవాబు కోసం చూస్తారు. అలాంటి మనిషికి జిల్లా నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. నర్సు ఎస్తేరమ్మ గారు దాన్ని వరండాలోనే పైకి చదివింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు ఏ జబ్బుతో వచ్చిన వారినైనను, పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి ఒక్కరిని, ముఖము చూచి ఎంచక, హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకొందురా అని అడుగవలెను. సమ్మతించిన వారికి పరీక్ష చేయవలెను. అడుగుటలో అలసత్వము వహించిన వారిపై తగు చర్య తీసుకొనబడును."

చాలా మంచి ఉత్తర్వు. అందులో చిక్కు ఒక్కటే. అడగడానికి నోరు తెరవాలి.

నేనూ మా పిన్నీ ఆ రోజు వరండాలో బల్ల మీద ఉన్నాం. పిన్ని నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఎందుకు నొక్కిందో ఊళ్ళో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మా పిన్ని పేరు హైమావతి. బాబాయి లారీ నడుపుతాడు. ఒక్కసారి బయల్దేరితే వారాల తరబడి రాడు. బాబాయితో మార్చి మార్చి అదే లారీ నడిపే ఇంకో డ్రైవరు, పోయిన వేసవిలో ఆ జబ్బుతో చనిపోయాడు. ఆయన పోయాక, ఆయన భార్య కుళాయి దగ్గరికి వస్తే మిగతావాళ్ళు తమ బిందెలు పక్కకి జరుపుకున్నారు. పిన్ని అది కళ్ళారా చూసింది. ఆ రోజు నుంచి ఆమెకి నిద్ర లేదు. మనిషి సగమైంది.

"మీ బాబాయి అలాంటోడు కాదే," అనేది నాతో. "కానీ తెలియాలిగా. తెలిస్తే ఏదో ఒకటి చేసుకుంటాం. తెలియకుండా ఎన్నాళ్ళు పడుకోను?"

నాకే ఎందుకు చెప్పిందంటే నేను ఎవరితోనూ మాట్లాడను కాబట్టి.

టౌన్లో పెద్దాసుపత్రిలో ఈ పరీక్షకి వేరే గది ఉంది. ఎవరికీ తెలియకుండా రహస్యంగా వచ్చిపోవడానికి ఆ గది పెట్టారు. అది ఎక్కడుందో వెతుక్కోవలసిన పని లేకుండా తలుపు మీద బారెడు అక్షరాలతో రాయించారు. పిన్ని ఒకసారి ధైర్యం చేసి వెళ్ళి దాని ముందు బెంచీ మీద కూర్చుంది. అప్పుడే మా ఊరి బస్సు కండక్టరు అటు వచ్చి, "ఏం హైమక్కా, ఇక్కడ కూర్చున్నావే?" అన్నాడు. "పళ్ళ డాక్టరు కోసం," అంది పిన్ని. "అయ్యో, పళ్ళ డాక్టరు అటు, రా చూపిస్తా," అని ఆయన దగ్గరుండి తీసుకెళ్ళాడు. రాయిలాంటి పన్నుకి మందు రాయించుకుని పిన్ని ఇంటికి వచ్చింది.

అందుకే ఉత్తర్వు విన్న రోజు ఆమె మొహం వెలిగింది.

"అందర్నీ అడుగుతారంటే," అంది దారిలో. "మనం అడగక్కర్లేదు. వాళ్ళే అడుగుతారు. ఊఁ అంటే సరిపోద్ది. ఎవరేమనుకుంటారు? అందర్నీ అడిగినట్టే కదా."

అడుగుతారని పిన్ని నమ్మింది. డాక్టరు గారు కూడా మొదటి రోజు అలాగే అనుకున్నారు.

మొదట అడగవలసి వచ్చింది రిటైరైన హెడ్మాస్టరు విశ్వేశ్వరం గారిని. మోకాలి నొప్పితో కర్ర పట్టుకుని వచ్చారు. డాక్టరు గారు గొంతు సవరించుకున్నారు, స్టెతస్కోపు సర్దుకున్నారు, ఫ్యాను వైపు చూశారు.

"మాస్టారూ, ప్రభుత్వం వారు... అంటే, అందరికీ... మీకు అభ్యంతరం లేకపోతే, ఒక చిన్న పరీక్ష..."

"షుగరా? మొన్నే చేశారుగా."

"షుగరు కాదండి."

"మరేంటయ్యా?"

డాక్టరు గారు నోటితో చెప్పలేక ఉత్తర్వు తీసి, ఆ మాట ఉన్నచోట వేలు పెట్టి చూపించారు. మాస్టారు చదివారు. కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని మళ్ళీ చదివారు.

"భావనారాయణా! ఊరు ఊరంతటికీ నీతి పాఠం చెప్పిన వాణ్ణి నేను!"

"అందర్నీ అడగమన్నారండీ."

"అందర్నీ అంటే?"

"అందరిలో మీరూ ఒకరు కాబట్టి..."

"నేను అందరిలో లేను! నాకు అక్కర్లేదు!" అని మాస్టారు లేచి వెళ్ళిపోయారు. కర్ర కూడా మర్చిపోయారు. ఆ మోకాలికి అంతకంటే మంచి వైద్యం అంతవరకూ జరగలేదు.

సాయంత్రం మాస్టారి భార్య వచ్చి, "ఆయన గురించి మీకెవరు చెప్పారో పేరు చెప్పండి, చాలు," అని వరండాలో కూర్చుంది. ఎవరూ చెప్పలేదన్నా కదల్లేదు. చివరికి డాక్టరు గారు వాళ్ళింటికి వెళ్ళి, కాఫీ తాగి, ఇరుగుపొరుగు వినేలా, మాస్టారు నిప్పులాంటి మనిషని చెప్పి రావలసి వచ్చింది. కర్ర కూడా ఆయనే మోసుకెళ్ళి ఇచ్చారు.

మర్నాడు మా వంతు. పిన్ని తలనొప్పి అంది. డాక్టరు గారు నాలుక చూశారు, కనురెప్పలు చూశారు. పిన్ని ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తోంది. ఆయన ఆమె వైపు చూసి, మాస్టారి భార్యని తలుచుకున్నట్టున్నారు.

"ఏదో ఉత్తర్వు వచ్చిందటగదండీ," అంది పిన్ని మెల్లిగా.

"అదా! నీకెందుకమ్మా అవన్నీ. మంచి కుటుంబంలో మనిషివి," అని నవ్వి మాత్ర రాసిచ్చారు.

మంచితనం అంత పని చేస్తుందని నేను అనుకోలేదు. 

కానీ జిల్లా వాళ్ళు ఊరుకోరుగా. ఎంతమందిని అడిగారో చెప్పమని ఫోను వచ్చింది. ఒక్కరినే అడిగామని ఎస్తేరమ్మ గారు చెప్తే, అలసత్వం అన్నారు. డాక్టరు గారు ఆ పూట అన్నం సరిగా తినలేదట.

"ఎస్తేరమ్మా, అందర్నీ అడగాలి," అన్నారు. "కానీ ఎవరూ జవాబు చెప్పకూడదు."

"నోరున్నాక చెప్పరాండీ?"

డాక్టరు గారు బల్ల మీది థర్మామీటర్ వైపు చూశారు.

అంతకుముందు మా ఆసుపత్రిలో థర్మామీటర్ చంకలో పెట్టేవారు. ఆ రోజు నుంచి నోట్లో పెట్టడం మొదలైంది. నాలుక కింద పెట్టి, "పెదాలు గట్టిగా మూయండి, మాట్లాడితే పగులుద్ది, లోపల పాదరసం," అనేవారు. మనిషి బిక్కచచ్చి కూర్చున్నాక, డాక్టరు గారు కిటికీ వైపు తిరిగి, బయట చెట్టుమీది కాకితో చెప్తున్నట్టు, "హెచ్చైవీ పరీక్ష చేయించుకుంటారా?" అని ఒక్క ఊపిరిలో అనేసేవారు. కాసేపు ఆగేవారు. జవాబు రాదు. "నిరాకరించారు," అనేవారు ఎస్తేరమ్మ గారితో. ఆమె నిట్టూర్చి రాసుకునేది.

జ్వరం వచ్చినవాళ్ళకి పర్వాలేదు. తేలు కుట్టినవాళ్ళకీ, చెవిలో చీమ దూరినవాళ్ళకీ కూడా అదే వైద్యం. ఇడ్లీల కోటమ్మ ఆవిరికి చెయ్యి కాల్చుకుని వస్తే ముందు నోట్లో పెట్టారు. తీశాక ఆమె ఊరుకోలేదు.

"చెయ్యి కాలితే నోట్లో చూస్తారేంటి డాక్టరుగారూ? కడుపు నొప్పొస్తే ఎక్కడ చూస్తారు?"

"ఇది కొత్త పద్ధతి కోటమ్మా."

"అట్టనా. మధ్యలో కాకితో ఏదో అన్నారు?"

"ఏమీ లేదు, ఏమీ లేదు. బర్నాలు రాయించుకో."

మా పిన్ని మాత్రం ఈ కొత్త పద్ధతి విని మళ్ళీ ఆశపడింది. "ఏదో ఒకలాగా అడుగుతున్నారు కదే," అంది. ఈసారి దగ్గు అని చెప్పి కూర్చుంది. దగ్గి చూపించింది కూడా. థర్మామీటర్ నోట్లో పెట్టారు. డాక్టరు గారు కిటికీ వైపు తిరిగారు. అడిగారు.

పిన్ని తల ఊపింది. ఆయన కాకిని చూస్తున్నారు. "ఊఁ," అంది పిన్ని ముక్కుతో. ఆయన వినలేదు. "ఊఁ! ఊఁ!" అంది. ఆయన కంగారుగా, "మాట్లాడకమ్మా, పగులుద్ది," అన్నారు. పిన్ని చెయ్యెత్తి థర్మామీటర్ తీయబోయింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా ఒళ్ళో పెట్టారు. పిన్ని నా వైపు చూసింది. నేను చెప్పాలి. "డాక్టరు గారూ, పిన్ని సరేనంటోంది," అంటే చాలు. మాట గొంతులోకి వచ్చింది. వరండాలో పదిమంది ఉన్నారు. మాట మళ్ళీ కిందకి వెళ్ళిపోయింది.

"నిరాకరించారు," అన్నారు డాక్టరు గారు. థర్మామీటర్ తీసి వెలుగులో చూసి, "జ్వరం లేదు. నిశ్చింతగా ఉండు," అన్నారు.

నెల తిరిగేసరికి మా ఆసుపత్రి పేరు జిల్లాలో మోగిపోయింది. అడిగింది నూటికి నూరు మందిని. నిరాకరించినవారు నూటికి నూరు. మిగతా కేంద్రాల్లో కొందరిని అడిగారు, కొందరిని మర్చిపోయారు, కొందరు ఒప్పుకున్నారు, కొందరు పోట్లాడారు. లెక్కలు గజిబిజి. మావి మాత్రం కడిగిన పళ్ళెంలా ఉన్నాయి. ప్రశంసాపత్రం వచ్చింది. 'ఒక్క ఫిర్యాదు లేకుండా, ఒక్క కిట్టు వృథా కాకుండా లక్ష్యము సాధించినందులకు' అని అందులో ఉంది. దీన్ని 'గవ్వలపాడు నమూనా' అని పిలవాలనీ, జిల్లాలో అన్ని కేంద్రాలకీ థర్మామీటర్లు పంపాలనీ కూడా తీర్మానం అయ్యింది.

ఆ తర్వాత ఎవరికో అనుమానం వచ్చింది. ఒక ఊరు ఊరంతా ఒకే మాట మీద నిలబడి కాదనడం ఎప్పుడూ జరగలేదు. రోడ్డు వేస్తామన్నా సగం మందే ఒప్పుకుంటారు. ఇంత ఐకమత్యానికి కారణం ఏమిటో కనుక్కోమని సుదర్శనం గారనే అధికారిని జీపులో పంపారు. ఎలాగూ వాడరు కాబట్టి పరీక్ష కిట్లు కూడా వెనక్కి తెమ్మన్నారు.

ఆసుపత్రి ఆవరణలో షామియానా వేశారు. ఊరంతా వచ్చింది. పిన్ని వస్తానంటే నేనూ వెళ్ళాను. మేం వెళ్ళేసరికి కిట్ల పెట్టె జీపులోకి ఎక్కిస్తున్నారు. పిన్ని ఆ పెట్టె వైపే చూస్తూ నిలబడింది. రైలు తప్పిపోయినవాళ్ళు అలా చూస్తారు.

సుదర్శనం గారు మైకు పట్టుకున్నారు.

"ప్రియమైన గ్రామస్థులారా! ప్రభుత్వం వారు సదుద్దేశంతో ప్రవేశపెట్టిన హెచ్.ఐ.వి. పరీక్షను మీరు సామూహికంగా, శాంతియుతంగా, క్రమశిక్షణతో నిరాకరించి యున్నారు. ఈ నిరాకరణను యంత్రాంగం గౌరవిస్తుంది. అయితే దీని వెనుక గల సామాజిక కారణాలను మీ నోటి వెంట వినదలచుకున్నాము."

ఊరు మొత్తం ఒకరి మొహం ఒకరు చూసుకుంది.

"ఏంటంట? మనం ఏం కాదన్నామంట?" అంది కోటమ్మ.

ఎస్తేరమ్మ గారు చెప్పింది. కోటమ్మ లేచి నిలబడింది.

"నన్నెవరడిగారు?"

"అడిగాను కోటమ్మా," అన్నారు డాక్టరు గారు నేల చూస్తూ. "చెయ్యి కాల్చుకుని వచ్చావు చూడు, అప్పుడు."

"అప్పుడు నా నోట్లో గాజుపుల్ల ఉందిగా!"

"నన్నూ అంతే," అన్నారు ఒకరు. "నన్నూ." "నేను చెవిలో చీమతో పోతే!" షామియానా కింద గోలగోల అయ్యింది. అడిగితే పరువు పోతుందని నెల క్రితం భయపడిన ఊరు, అడగలేదని ఇప్పుడు పరువు పోయినట్టు లేచింది.

"నేను కాదనాలనుకుంటే నా నోటితో నేను కాదంటా," అంది కోటమ్మ. "నా తరఫున కాదనడానికి మీరెవరండీ? మా ఆయనే ఎప్పుడూ ఆ సాహసం చెయ్యలా!"

వెనకనుంచి విశ్వేశ్వరం మాస్టారు కర్ర ఎత్తారు. "అధికారి గారూ! ఈ ఊళ్ళో నోరు తెరిచి కాదన్నవాణ్ణి నేనొక్కణ్ణే. అసలైన నిరాకరణ నాది. దాన్ని తీసుకొచ్చి ఈ థర్మామీటర్ నిరాకరణల్లో కలుపుతారా? నన్ను వేరుగా చూపించండి!"

"అందరిలో లెక్కించాం మాస్టారూ," అన్నారు సుదర్శనం గారు.

"నేను అందరిలో లేనని అప్పుడే చెప్పాను!"

సుదర్శనం గారు చెమట తుడుచుకుని, డాక్టరు గారి వైపు తిరిగారు. "ఏమండీ, నిబంధన ప్రకారం సిబ్బంది ముందుగా చేయించుకుని ఆదర్శంగా నిలవాలి కదా. మీరు చేయించుకున్నారా?"

 డాక్టరు గారు కిటికీ కోసం వెతికినట్టు అటూ ఇటూ చూశారు. ఆరుబయట కిటికీలు ఉండవు.

కోటమ్మ అంది: "సిస్టరమ్మా, డాక్టరు గారి నోట్లో థర్మామీటర్ ఏమన్నా పెట్టారా?"

ఊరంతా నవ్వింది. ఎస్తేరమ్మ గారు కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. డాక్టరు గారి మొహం ఎర్రబడింది. నవ్వు ఆగాక, మైకు లేకుండానే, మామూలు గొంతుతో చెప్పారు.

"చేయించుకోలేదు."

"ఎందుకని?"

"చేయించుకుంటుంటే ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని."

అప్పుడు ఎవరూ నవ్వలేదు. నా పక్కన పిన్ని, చాలా రోజుల తర్వాత, పెద్దగా ఊపిరి వదిలింది. అంత చదువుకున్న మనిషికీ, ఆమెకీ ఉన్నది ఒకటే భయం.

డాక్టరు గారు చొక్కా చేతులు మడిచారు. "ఎస్తేరమ్మా, ముందు నాకు చెయ్యి," అన్నారు. "ఇక్కడే, వరండాలో. అందరూ చూడనీ."

కానీ కిట్లు జీపులో ఉన్నాయి. సుదర్శనం గారు ఆలోచనలో పడ్డారు.

"వాపసు స్వీకరించిన సామగ్రిని తిరిగి అప్పగించుటకు నిబంధన లేదు," అన్నారు. ఊరు ఆయన వైపు చూసింది. కోటమ్మ కొంగు బొడ్లో దోపింది. "అయితే," అన్నారాయన తొందరగా, "వాహనం కదలనంతవరకు అవి కేంద్రం ఆవరణలోనే ఉన్నట్టు భావించవచ్చు." డ్రైవరు తాళం తీసి జేబులో వేసుకుని టీకి వెళ్ళిపోయాడు.

అలా మొదలైంది. డాక్టరు గారు వేలు చాపారు. సూది గుచ్చుతుంటే కళ్ళు మూసుకున్నారు, చిన్నపిల్లాడిలాగా. తర్వాత వేలికి దూది పట్టుకునే బల్ల ముందు కూర్చున్నారు. వరస కట్టిన ప్రతి ఒక్కరినీ మొహంలోకి చూసి, పేరు పెట్టి పిలిచి, మొలల గురించి అడిగే గొంతుతో అడిగారు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా అటు తిరిగారు. కొందరు వద్దన్నారు. "సరే, మీ ఇష్టం," అని వాళ్ళకి దండం పెట్టారు. చాలామంది సరేనన్నారు. ఫలితం మాత్రం లోపలి గదిలో, తలుపు వేసి, ఒక్కొక్కరికే చెప్పారు. బాగున్నవాళ్ళనీ, బాగాలేనివాళ్ళనీ ఎవరూ పోల్చుకోకుండా అందరినీ ఒకటే సేపు లోపల కూర్చోబెట్టాలని ఎస్తేరమ్మ గారు పట్టుబట్టింది. "నాకేం లేదని చెప్పడానికి ఇంతసేపా? అవతల పిండి పులుస్తోంది," అని కోటమ్మ లోపల్నుంచి అరవడం అందరం విన్నాం.

మాస్టారు చాలాసేపు దూరంగా నిలబడ్డారు. తర్వాత వచ్చి వరసలో నిలబడ్డారు. "ఊరికే చూద్దామని," అన్నారు ముందున్న వాళ్ళతో. తన వంతు రాగానే చూడ్డం మానేసి వేలు చాపారు.

ఆయన వెనకే మా పిన్ని.

"అమ్మా హైమావతీ," అన్నారు డాక్టరు గారు. ఆమెని గుర్తుపట్టారు. ఆ తలనొప్పి, ఆ దగ్గు, ఆయన చేతుల్లోనే ఆగిపోయిన ఆ చెయ్యి, అన్నీ ఆయనకి ఒక్కసారి అర్థమైనట్టున్నాయి. ఒక్క క్షణం తడబడ్డారు. మళ్ళీ అందరినీ అడిగినట్టే, అంతే గట్టిగా అడిగారు: "హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకుంటావా?"

"చేయించుకుంటానండి," అంది పిన్ని.

ఎవరూ ఆమె వైపు చూడలేదు. వెనకున్నావిడ, "తొందరగా కానివ్వమ్మా, బర్రెల్ని తోలుకురావాలి," అంది. అంతే.

లోపలికి వెళ్ళి అందరిలాగే అంతసేపే ఉండి వచ్చింది. బయటికి వచ్చినప్పుడు అందరిలాగే వేలికి దూది ఉంది. ఇద్దరం కాలవ గట్టు మీదుగా ఇంటికి నడిచాం. సగం దారిలో ఆగి, డాక్టరు గారు ఏం చెప్పారో నాకు చెప్పింది. ఆ రాత్రి ఆమె పడుకుంటే తెల్లారి పాలు పోసేవాళ్ళు వచ్చి పిలిచినా లేవలేదు. బాబాయి వచ్చాక ఆయన్ని కూడా తీసుకెళ్ళింది, పట్టపగలు, మెయిన్ రోడ్డు మీదుగా. ఇప్పుడు అన్నం తింటోంది. మళ్ళీ ఒళ్ళు చేసింది. జాకెట్లు బిగువైపోయాయని దర్జీతో పోట్లాడుతోంది.

మా ఆసుపత్రి లెక్కలు మాత్రం మళ్ళీ గజిబిజి అయిపోయాయి. ప్రశంసాపత్రం వెనక్కి తీసుకున్నారు. అన్ని కేంద్రాలకీ పంపిన థర్మామీటర్లు ఎలా వాడాలో తెలియజేయవలసిందిగా జిల్లా నుంచి ఇంకా ఉత్తరాలు వస్తున్నాయి. చంకలో పెట్టుకోమని డాక్టరు గారు జవాబు రాశారట.

మీ పిన్నికి ఏం చెప్పారు, ఉందన్నారా లేదన్నారా అని ఆ మధ్య కుళాయి దగ్గర ఒకావిడ నన్ను ఆపి అడిగింది. మీరూ అడుగుతారని తెలుసు. నా నోట్లో థర్మామీటర్ ఉందనుకోండి.